టోరెంట్ వల్ల యూనివర్సిటీ నుంచి కాపీరైట్ నోటీసు అందుకున్న విద్యార్థికి

మీరు అమెరికాలో ఎంఎస్ మొదటి సెమిస్టరులో ఉన్నారు. మీ ల్యాప్‌టాప్ నుంచి ఒక తెలుగు సినిమా ఫైలు ఇతరులకు అందినట్లు ఫిర్యాదు వచ్చిందనీ, ఐదు రోజుల్లో జవాబు ఇవ్వాలనీ, అంతవరకు క్యాంపస్ వైఫైలో ఆ ల్యాప్‌టాప్‌కు అనుమతి ఉండదనీ యూనివర్సిటీ ఐటీ భద్రతా విభాగం మీకు ఈమెయిల్ పంపింది. మీరు అడిగినవి నాలుగు: నేను చూడడానికి దించుకున్నానే తప్ప ఎవరికీ ఇవ్వలేదు కదా, రూమ్మేటు వాడాడని చెప్పవచ్చా, నోటీసు అడుగున ఉన్న లింకులో డబ్బు కట్టేస్తే సమస్య తీరుతుందా, నా వీసాకు ఏమవుతుంది. నేను ఒక అమెరికన్ విశ్వవిద్యాలయపు నెట్‌వర్క్ విభాగంలో పన్నెండేళ్లు పనిచేశాను. అందులో చాలా కాలం ఇలాంటి ఫిర్యాదులను విప్పి, ఏ విద్యార్థికి చెందుతాయో తేల్చి, ఉత్తరం రాయడమే నా పని. న్యాయవాదిని మాత్రం కాను. ఆ తేడా ఎక్కడ అవసరమవుతుందో అక్కడ చెబుతాను.

ముందు పొట్టిగా చెబుతాను. టోరెంట్ ప్రోగ్రామును ఇప్పుడే ఆపండి. గడువు లోపల, జరిగింది జరిగినట్లుగా యూనివర్సిటీకి జవాబు రాయండి. ఆ లింకు జోలికి పోకండి. రూమ్మేటు పేరు ఎత్తకండి. ఒక్క నోటీసుతో ఎవరి చదువూ ఆగిపోవడం నేను చూడలేదు. ఆగిపోయేదాకా వచ్చినవాళ్లను కొందరిని చూశాను. వాళ్లందరూ మొదటి ఉత్తరాన్ని చెత్తబుట్టలో వేసినవాళ్లు, లేదంటే దానికి అబద్ధపు జవాబు ఇచ్చినవాళ్లు.

ఇక మీ మొదటి మాట. "ఎవరికీ ఇవ్వలేదు" అని మీరు నిజాయితీగానే నమ్ముతున్నారని నాకు తెలుసు, కానీ టోరెంట్ విషయంలో ఆ మాట నిలబడదు. బ్రామ్ కోహెన్ 2001లో బిట్‌టోరెంట్‌ను తయారుచేసినప్పుడు దాని మూల సూత్రమే ఇచ్చిపుచ్చుకోవడం: ఒకే సర్వరు మీద భారం పడకుండా ఫైలును చిన్న చిన్న ముక్కలు చేసి, ఏ ముక్క ఎవరి దగ్గరకు చేరితే వాళ్లే దాన్ని మిగతావాళ్లకు అందించేలా చేశాడు. ఈ పంక్తిలో కూర్చున్న ప్రతివాడూ తింటూనే పక్కవాడి విస్తట్లో వడ్డిస్తుంటాడు. సినిమాలో పదో వంతు మీకు చేరేసరికే ఆ పదో వంతు మీ యంత్రం నుంచి ముక్కుమొహం తెలియనివాళ్లకు వెళ్లడం మొదలవుతుంది. మొత్తం దిగాక కూడా మీరు ఆపేదాకా ఆ పని సాగుతుంది. దాన్నే సీడింగ్ అంటారు. చాలా ప్రోగ్రాములు కంప్యూటర్ తెరవగానే తమంతట తామే మొదలవుతాయి కూడా. నా దగ్గరకు వచ్చిన ఉదంతాల్లో సగానికి సగం ఇలాంటివే: సినిమాను ఇండియాలో ఉండగా, విమానం ఎక్కడానికి ముందు వారం దించుకుని ఉంటారు, చూసి మరిచిపోయి ఉంటారు, ఇక్కడికి వచ్చి గ్రంథాలయంలో ల్యాప్‌టాప్ మూత తెరవగానే క్యాంపస్ వైఫై తగులుకుంటుంది, వెనకాల ఆ పాత ఫైలు ప్రపంచానికి వడ్డన మొదలుపెడుతుంది. కాపీరైట్ చట్టం ప్రకారం ప్రతిని తయారుచేయడం, ప్రతులను పంచడం రెండూ హక్కుదారుకే చెందిన హక్కులు కనుక దించుకోవడమూ తప్పే. కానీ ఫిర్యాదు పుట్టేది దాదాపు ఎప్పుడూ ఈ వడ్డన దగ్గరే.

మన ఇంజనీరింగ్ కాలేజీల హాస్టళ్ల అలవాటు ఇక్కడ కొంత దెబ్బ తీస్తుందనిపిస్తుంది. నేను చదివే రోజుల్లో హాస్టల్ ల్యాన్‌లో, అంటే లోపలి నెట్‌వర్కులో, ఫైళ్లు పంచుకునే డీసీ ప్లస్ ప్లస్ హబ్ ఒకటి నడిచేది. ఎవరి హార్డ్‌డిస్కులో ఏముందో అందరికీ తెలిసేది, సినిమాల నుంచి ప్రశ్నపత్రాల వరకు అన్నీ అక్కడే దొరికేవి. అది చట్టబద్ధమేమీ కాదు, కానీ ఆ రాకపోకలన్నీ కాలేజీ గోడల లోపలే ఉండేవి కాబట్టి బయటివాళ్లకు కనిపించేవి కావు. టోరెంట్‌లో గోడ లేదు. ఇంటర్నెట్‌లో మీ యంత్రాన్ని గుర్తించే సంఖ్య, అంటే ఐపీ చిరునామా, ఆ గుంపులో చేరిన ప్రతి ఒక్కరికీ కనిపిస్తుంది, ఆ గుంపులో హక్కుదారులు నియమించుకున్న నిఘా సంస్థ కూడా ఒక సభ్యురాలే.

ఆ సంస్థ చేసేది పెద్ద మాయేమీ కాదు. తానూ ఆ టోరెంట్‌లో చేరుతుంది. ఎవరెవరు ఆ ఫైలును పంచుకుంటున్నారో చెప్పే ట్రాకర్ అనే సర్వరు నుంచి తక్కిన సభ్యుల ఐపీ చిరునామాల జాబితా తీసుకుంటుంది. జాగ్రత్తపరులైతే ప్రతి చిరునామా నుంచి ఒకటి రెండు ముక్కలు నిజంగా దించుకుని సరిచూస్తారు. తర్వాత ఆ చిరునామా ఏ సంస్థ పేరున నమోదై ఉందో చూసి, ఆ సంస్థకు ఫిర్యాదు పంపుతారు. అందులో సినిమా పేరు, ఫైలు పేరు, దాని పరిమాణం, ఐపీ చిరునామా, పోర్టు సంఖ్య (ఆ చిరునామాలో ఏ కనెక్షనో చెప్పే అంకె), సమయం ఉంటాయి. మీ పేరు ఉండదు. వాళ్లకు మీరెవరో తెలియదు. ఈ విషయాన్ని మనసులో పెట్టుకోండి, డబ్బు లింకు దగ్గర మళ్లీ పనికొస్తుంది.

పేరు తేల్చేది మేము. క్యాంపస్ వైఫైలోకి మీరు మీ యూనివర్సిటీ ఖాతాతోనే ప్రవేశిస్తారు కనుక ఏ గంటలో ఏ యంత్రానికి ఏ లోపలి చిరునామా ఇచ్చామో లాగ్‌లో, అంటే నెట్‌వర్క్ తనంతట తాను రాసుకునే రికార్డులో, ఉంటుంది. వందలాది మంది ఒకే బయటి చిరునామా వెనుక ఉంటారు. వాళ్లలో ఒకరిని విడదీయడానికి పోర్టు సంఖ్య, క్షణాలతో సహా సమయం రెండూ కావాలి. పోర్టు లేని ఫిర్యాదులను మేము గుర్తించలేక అక్కడికక్కడే మూసేసేవాళ్లం. విశ్వవిద్యాలయాలు ఉమ్మడిగా నడిపే ఎడ్యురోమ్ వైఫై వాడుతూ వేరే విశ్వవిద్యాలయానికి వెళ్లినా తప్పించుకున్నట్లు కాదు, ఎందుకంటే అక్కడ మిమ్మల్ని ధ్రువీకరించేది మీ సొంత విశ్వవిద్యాలయమే. మీరు ఏ సినిమా చూశారో, ఎవరికి ఏ సందేశం పంపారో మేము చూడం. ఎవరి యంత్రం ఏ చిరునామాతో ఎప్పుడు మాట్లాడిందన్న రికార్డు మటుకే చూస్తాం.

ఈ పద్ధతిలో పొరపాట్లు జరగవా అంటే జరుగుతాయి. 2008లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ప్రయోగం చేసి, ఒక్క పాటగానీ సినిమాగానీ పంచని చిరునామాలకు కూడా ఫిర్యాదులు వచ్చేలా చేయవచ్చని చూపించారు. వాళ్ల ప్రయోగంలో మూడు ప్రింటర్లకు కాపీరైట్ నోటీసులు వచ్చాయి. మా విభాగంలోనే ఒకసారి మేమే తప్పు చేశాం. ఫిర్యాదులోని సమయం అంతర్జాతీయ ప్రామాణిక కాలంలో ఉంటే, మా ఉద్యోగి దాన్ని స్థానిక కాలంలోకి మార్చేటప్పుడు, శీతాకాలం కోసం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పిన ఆ వారంలో ఒక గంట తేడా వచ్చి, ఏ పాపమూ ఎరుగని ఒక అమ్మాయి యంత్రాన్ని నిలిపేశాం. ఆమె తన సెల్‌ఫోన్‌లో ఆ గంటకు తాను బస్సులో ఉన్నట్లు చూపించింది, మేము క్షమాపణ చెప్పి సరిదిద్దాం. కనుక నోటీసులో ఉన్న ఫైలు మీ యంత్రంలో నిజంగా లేకపోతే, ఎన్నడూ లేకపోతే, ఆ మాటే రాయండి. లాగ్‌ను మళ్లీ సరిచూడమని అడిగే హక్కు మీకుంది. మీ ఉదంతంలో అది ఉందని మీరే ఒప్పుకున్నారు కనుక ఈ దారి మీకు కాదు.

యూనివర్సిటీ ఇంత హడావుడి ఎందుకు చేస్తుందో తెలిస్తే, ఆ ఉత్తరం కోపంతో రాసింది కాదని అర్థమవుతుంది. 1998 నాటి డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టంలోని 512వ సెక్షన్, ఇంటర్నెట్ సేవ అందించే సంస్థలకు ఒక రక్షణ ఇచ్చింది: వాడుకదారు చేసిన ఉల్లంఘనకు సంస్థ మీద నష్టపరిహారం పడదు, కానీ పదే పదే ఉల్లంఘించేవాళ్ల ఖాతాలను తగిన సందర్భాల్లో రద్దు చేసే విధానం ఒకటి సంస్థకు ఉండాలి, దాన్ని సహేతుకంగా అమలు చేయాలి. మీ నోటీసులో "మొదటి ఫిర్యాదు" అని లెక్క రాసి ఉండడానికి కారణం ఇదే. ఆ తర్వాత 2008లో వచ్చిన ఉన్నత విద్యావకాశాల చట్టం ఇంకో మెట్టు ఎక్కింది. ఫెడరల్ ఆర్థిక సహాయం పొందే విద్యార్థులను చేర్చుకునే సంస్థలు అక్రమ ఫైల్ షేరింగ్‌కు పడే శిక్షల గురించి ఏటా విద్యార్థులకు తెలియజేయాలి, దాన్ని అరికట్టే లిఖితపూర్వక ప్రణాళిక పెట్టుకోవాలి, అందులో కనీసం ఒక సాంకేతిక నిరోధకం ఉండాలి, వీలైనంతలో చట్టబద్ధమైన ప్రత్యామ్నాయాలను చూపించాలి. ఈ నిబంధనలు 2010 జులై 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఓరియంటేషన్ రోజుల్లో మీకు వచ్చిన డజను ఈమెయిళ్లలో ఒకటి అదే అయ్యుంటుంది. ఎవరూ చదవరని మాకూ తెలుసు.

ఈ చట్టాల వెనుక కళాశాలల సొంత చరిత్ర ఉంది. 1999లో పాటలు పంచుకునే నాప్‌స్టర్‌ను మొదలుపెట్టిన షాన్ ఫానింగ్ బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయ విద్యార్థి; వేగవంతమైన నెట్‌వర్కులున్నది అప్పట్లో హాస్టళ్లలోనే కనుక అది పెరిగింది కూడా అక్కడే. 2003 సెప్టెంబరులో రికార్డింగ్ పరిశ్రమ సంఘం 261 మంది మీద ఒకేసారి దావాలు వేసింది. 2007 ఫిబ్రవరిలో 13 విశ్వవిద్యాలయాలకు 400 లేఖలు పంపి, కోర్టుకు వెళ్లకముందే రాజీకి రమ్మని విద్యార్థులను పిలిచింది. రాజీకి రాకుండా విచారణ దాకా వెళ్లిన జోయెల్ టెనెన్‌బామ్ బోస్టన్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదువుతున్న పరిశోధక విద్యార్థి. 30 పాటలకు, పాటకు 22,500 డాలర్ల చొప్పున 6,75,000 డాలర్లు కట్టాలని 2009లో జ్యూరీ తేల్చింది. మధ్యలో తగ్గించినా 2013లో అప్పీలు కోర్టు ఆ మొత్తాన్నే ఖాయం చేసింది. ఇంత ఎలా వచ్చిందంటే, చట్టం ఒక్కొక్క కృతికి 750 నుంచి 30,000 డాలర్ల వరకు, తెలిసి చేసిన ఉల్లంఘన అయితే 1,50,000 వరకు పరిహారాన్ని అనుమతిస్తుంది. హక్కుదారు తనకు కలిగిన నష్టాన్ని లెక్కగట్టి చూపించనక్కర్లేదు. విద్యార్థుల మీద ఆ సామూహిక దావాల ఉద్యమం 2008 చివరికి ఆగిపోయింది. మిమ్మల్ని భయపెట్టడానికి ఈ అంకెలు చెప్పడం లేదు. మీకు వచ్చినది దావా కాదు, ఫిర్యాదు. చాలావరకు ఇవి ఫిర్యాదులుగానే ముగుస్తాయి.

"తెలుగు సినిమాకు అమెరికా చట్టమేమిటి" అని కొందరు వాదిస్తారు. ఇండియా 1928 నుంచీ, అమెరికా 1989 నుంచీ బెర్న్ ఒప్పందం అనే అంతర్జాతీయ కాపీరైట్ ఒప్పందంలో ఉన్నాయి. మన సినిమాకు ఇక్కడ కూడా రక్షణ ఉంది. ఇక్కడ దావా వేయడానికి విదేశీ కృతికి ముందస్తు నమోదు అవసరం లేదు. పైన చెప్పిన చట్టబద్ధ పరిహారం కోరాలంటే మాత్రం ఇక్కడి కాపీరైట్ కార్యాలయంలో సకాలంలో నమోదై ఉండాలి. ఆ మేరకు చిన్న నిర్మాతల బలం తగ్గుతుంది, కానీ దాని మీద ఆశ పెట్టుకుని వాదనకు దిగడం తెలివైన పని కాదు.

ఇప్పుడు ఆ లింకు. కొన్ని నిఘా సంస్థలు ఫిర్యాదు అడుగునే "ఇక్కడ ఇంత కట్టి రాజీ చేసుకోండి" అని రాస్తాయి. చాలా విశ్వవిద్యాలయాలు ఆ భాగాన్ని కత్తిరించి పంపుతాయి. మీకు వచ్చిన దాంట్లో అది మిగిలిపోయినట్లుంది. వాళ్ల దగ్గర ఉన్నది ఒక సంఖ్య మాత్రమే అన్నాను గదా. ఆ పేజీలోకి వెళ్లి కార్డు వివరాలు ఇచ్చిన మరుక్షణం ఆ సంఖ్యకు మీ పేరు, చిరునామా, తప్పు ఒప్పుకోలు మీ చేతుల మీదుగానే చేరతాయి. పైగా ఇలాంటి ఉత్తరాల వేషంలో తిరిగే మోసపు ఈమెయిళ్లు కూడా ఉన్నాయి. యూనివర్సిటీ తానుగా మీ పేరు వాళ్లకు ఇవ్వదు. కోర్టు ద్వారా సమన్లు వస్తే ఇవ్వవలసి ఉంటుంది, అప్పుడు కూడా విద్యార్థి రికార్డుల గోప్యతా చట్టం ప్రకారం సాధారణంగా మీకు ముందు తెలియజేస్తుంది, మీరు కోర్టును ఆశ్రయించే వ్యవధి ఉంటుంది. అలాంటి తెలియజేత వచ్చిన రోజున మాత్రం నాలాంటి వాళ్లను అడగడం మానేసి, విద్యార్థులకు న్యాయ సహాయం అందించే కార్యాలయం మీ క్యాంపస్‌లో ఉందేమో కనుక్కుని న్యాయవాది దగ్గరకు వెళ్లండి.

వీసా గురించి. కాపీరైట్ ఫిర్యాదు పోలీసు కేసు కాదు. హక్కుదారు ప్రతినిధి ఒక సంస్థకు రాసుకున్న ఉత్తరం. విద్యార్థుల వివరాలుండే సెవిస్‌లో దాన్ని నమోదు చేసే పద్ధతి నేను పనిచేసిన చోట లేదు. ప్రమాదం వేరే దారిలో వస్తుంది: ఫిర్యాదులు పునరావృతమై విషయం విద్యార్థి ప్రవర్తనా విభాగానికి వెళ్లి, అక్కడ సస్పెన్షన్ పడితే, సెమిస్టరులో పూర్తి కోర్సుల నమోదు తెగిపోతుంది, మీ విద్యార్థి వీసా తాలూకు ఎఫ్-1 హోదా దాని మీదే నిలబడి ఉంది. అందువల్ల అమెరికన్ విద్యార్థికి ఒక సెమిస్టరు నష్టంతో పోయేది మీకు దేశం విడిచి వెళ్లడం దాకా రావచ్చు. ప్రవర్తనా విభాగం నుంచి పిలుపు వస్తే, నిర్ణయం వెలువడకముందే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలోని సలహాదారుతో మాట్లాడండి.

రూమ్మేటు మాటకు వస్తే, నాకు ఇప్పటికీ బాధ కలిగించే ఉదంతం ఒకటుంది. ఒక కుర్రాడు తన గదిలో ఉండే ఇంకో తెలుగు అబ్బాయి మీదికి నెట్టాడు. లాగ్ చూస్తే ఆ సమయంలో ఆ రెండో అబ్బాయి ఫోను క్యాంపస్ అవతలి చివర ల్యాబ్‌లో నెట్‌వర్కుకు కలిసి ఉంది. కాపీరైట్ ఫిర్యాదు ఒక్కటే అయితే, నియమాల మీద పది నిమిషాల క్విజ్ రాయడంతో పోయేది. విచారణలో అబద్ధం చెప్పినందుకు అతనికి ఏడాది ప్రొబేషన్ పడింది. గదికి కిరాయి పంచుకునే స్నేహం కూడా ఆ వారంతోనే పోయింది. నిజంగానే ఇంకొకరు మీ ఖాతా వాడి ఉంటే, పాస్‌వర్డ్ ఇవ్వడమే నిబంధనల ఉల్లంఘన కనుక జవాబుదారీ మీదే అవుతుంది. హాస్టల్ గదిలో సొంత రౌటర్ పెట్టి పాస్‌వర్డ్ లేకుండా వదిలినా అంతే.

మీరు అడగకపోయినా తర్వాతి ప్రశ్న వీపీఎన్ గురించి, అంటే మీ రాకపోకలను వేరే చిరునామా మీదుగా పంపే సేవ గురించి, ఉంటుందని నాకు తెలుసు. అక్రమం వీపీఎన్ వెనుక కూడా అక్రమమే, ఆ చర్చను పొడిగించను. కానీ యూనివర్సిటీ వీపీఎన్ గురించి మాత్రం చెప్పాలి. జర్నల్ వ్యాసాల కోసం అపార్ట్‌మెంట్‌లో దాన్ని తెరిచి అలాగే వదిలేసేవాళ్లు చాలామంది. కొన్ని విశ్వవిద్యాలయాల అమరికలో అది తెరిచి ఉన్నంతసేపు మీ ఇంటి రాకపోకలన్నీ యూనివర్సిటీ చిరునామా మీదుగానే బయటికి వెళ్తాయి. ఇంట్లో కూర్చుని చేసిన టోరెంట్‌కు క్యాంపస్ నుంచి నోటీసు రావడం చూసి ఆశ్చర్యపోయినవాళ్లకు నేను ఇదే వివరించేవాణ్ని. ఉచితంగా సినిమాలు చూపించే కొన్ని యాప్‌లు, టీవీ బాక్సులు కూడా లోపల టోరెంట్‌నే వాడతాయి. తెరమీద స్ట్రీమింగ్‌లా కనిపిస్తుంది, వెనకాల అదే వడ్డన.

ఇదంతా చదివి ఫైళ్లు పంచుకోవడమే నేరమనుకోవద్దు. లైనక్స్ డిస్క్ ఇమేజ్‌లను టోరెంట్‌లో దించుకోవడం, ఇంటర్నెట్ ఆర్కైవ్ టోరెంట్‌లు, పరిశోధకులు బహిరంగంగా పెట్టిన డేటాసెట్లు, మీరు సొంతంగా రాసిన ప్రోగ్రాములు, మీరు తీసిన ఫొటోలు, ఇవన్నీ ధర్మంగానే పంచుకోవచ్చు. మీ క్యాంపస్‌లో టోరెంట్ పూర్తిగా నిరోధించి ఉంటే పరిశోధన అవసరాన్ని వివరించి ఐటీ విభాగానికి రాస్తే మినహాయింపు ఇస్తారు. నేను పనిచేసిన చోట అలాంటి అభ్యర్థనలను కాదన్నది అరుదు.

సినిమాల కన్నా మన విద్యార్థులు ఎక్కువగా చిక్కుకునే అవకాశం ఉన్నది పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లలో. కోఠిలోనో విజయవాడ లెనిన్ సెంటర్లోనో కొని సూట్‌కేసులో తెచ్చుకున్న తక్కువ ధర ఇండియన్ ఎడిషన్ మీద "ఇండియా బయట అమ్మరాదు" అని అచ్చయి ఉన్నా, మీరు దాన్ని ఇక్కడ వాడుకోవచ్చు, సెమిస్టరు అయ్యాక జూనియర్‌కు అమ్ముకోవచ్చు. ఈ విషయం తేల్చింది కూడా ఒక విదేశీ విద్యార్థి కేసే: థాయ్‌లాండ్ నుంచి కార్నెల్‌కు చదువుకోవడానికి వచ్చిన సుపాప్ కిర్ట్‌సేంగ్ తన దేశంలో చవకగా దొరికే ఎడిషన్లను తెప్పించి ఇక్కడ అమ్మితే ప్రచురణకర్త జాన్ వైలీ దావా వేసింది; విదేశంలో చట్టబద్ధంగా అచ్చయిన ప్రతిని కొన్నవాడు దాన్ని తిరిగి అమ్ముకోవచ్చని 2013లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయితే ఆ హక్కు ఆ ఒక్క ప్రతికి మాత్రమే. అదే పుస్తకాన్ని స్కాన్ చేసి యూనివర్సిటీ క్లౌడ్ డ్రైవ్‌లో పెట్టి వాట్సాప్ గ్రూపులో లింకు వదిలితే, అది కొత్త ప్రతులను తయారుచేసి పంచడం. క్లౌడ్ ఫోల్డరు యూనివర్సిటీ ఖాతాదే కనుక ఇక్కడ లాగ్‌లు వెతకవలసిన పని కూడా ఉండదు, మీ పేరు దాని మీదే ఉంటుంది. ఒక అధ్యాయం నుంచి కొన్ని పేజీలను మీ అధ్యయనం కోసం కాపీ చేసుకోవడం ఫెయిర్ యూజ్ కిందికి, అంటే అనుమతి లేకుండానే వాడుకోవడానికి చట్టం ఇచ్చే మినహాయింపు కిందికి, రావచ్చు. ఉద్దేశం, కృతి స్వభావం, తీసుకున్న మోతాదు, మార్కెట్ మీద పడే ప్రభావం అన్న నాలుగు అంశాలను కలిపి చూసి తేలుస్తారు. మొత్తం పుస్తకాన్ని నూటయాభై మందికి పంచడం ఏ లెక్కన చూసినా అందులో ఇమడదు. అంతకన్నా గ్రంథాలయంలో కోర్స్ రిజర్వ్, అంటే ఆ కోర్సు విద్యార్థుల కోసం పక్కన పెట్టి ఉంచే పుస్తకాలు, అడగండి. ఈ-బుక్ లైసెన్సు ఉందేమో చూడండి. లేదంటే ఇంటర్‌లైబ్రరీ లోన్ ద్వారా వేరే విశ్వవిద్యాలయం నుంచి తెప్పించుకోండి. మన విద్యార్థులు ఈ చివరి సౌకర్యాన్ని రెండో ఏడాది దాకా కనుక్కోరు.

చివరికి మీరు రాయవలసిన జవాబు. నాలుగైదు వాక్యాలు చాలు: నోటీసు అందింది, అందులో చెప్పిన ఫైలు నా యంత్రంలో ఉంది, టోరెంట్ ప్రోగ్రాము దాన్ని ఇతరులకు అందిస్తోందని నాకు తెలియదు, ప్రోగ్రామును, ఫైలును తొలగించాను, నెట్‌వర్క్ విధానాన్ని చదివాను, ఇకపై పాటిస్తాను. చట్టం గురించి వాదన, ఇంటి పరిస్థితుల వర్ణన, ఇతరులెవరు ఏం చేస్తున్నారన్న జాబితా వద్దు. ఈ జవాబు యూనివర్సిటీకి మాత్రమే. నిఘా సంస్థకు నేరుగా ఏమీ రాయవద్దు. ఒకవేళ మీ నోటీసులో దావా ప్రస్తావనో, ఏ ఫైలునూ తొలగించకుండా భద్రపరచాలన్న సూచనో ఉంటే, దేన్నీ చెరపకుండా ముందు న్యాయవాదిని కలవండి. అలాంటిదేమీ లేకపోతే, ప్రోగ్రామును తీసేశాక ఒకసారి కంప్యూటర్‌ను ఆపి మళ్లీ తెరిచి, అది స్టార్టప్ జాబితాలో మిగిలిపోలేదని చూసుకున్న తర్వాతే వైఫై పునరుద్ధరించమని అడగండి. పునరుద్ధరించిన పది నిమిషాలకే రెండో ఫిర్యాదు తెచ్చుకున్నవాళ్లను నేను ఇద్దరిని చూశాను. ఇద్దరూ ఫైలును చెరిపేశారు గానీ ప్రోగ్రామును వదిలేశారు, అందులో ఇంకో మూడు సినిమాలు వరుసలో ఉన్నాయి.